బావను రావద్దన్న ఆట

మా బావ పోయాడన్న కబురు చెప్పడానికి మా అప్ప, అంటే మా అక్క, మూడో అంతస్తు నుంచి మెట్లు దిగి వచ్చి తలుపు కొడితే, లోపలున్న ఆరుగురు ముసలివాళ్ళం ఒక్క గొంతుతో "చెప్పొద్దు! చెప్పొద్దు!" అని అరిచాం. ఇద్దరైతే చెవుల్లో వేళ్ళు కూడా పెట్టుకున్నారు. ఆ అరుపుల్లో నాదే పెద్దది. ఉద్యోగమున్నంత కాలం పోర్టులో క్రేన్ల మోత మీదుగా మాట్లాడిన గొంతు మరి.

మేం అరవడం అయ్యేదాకా అప్ప బయటే ఆగింది. ఆ తర్వాత తలుపు సందులోంచి అంది:

"ఆట కబురు కాదురా తమ్ముడా. మీ బావ పలకట్నేదు."

పెద్దల్ని తలుచుకునేటప్పుడు వాళ్ళ గొప్పలు రాయడం మర్యాద. మా బావకి గొప్పలు లేవని కాదు, వాటిని రాసే మొహం నాకు లేదు. అందుకని జరిగింది జరిగినట్టు చెబుతాను. మధ్యలో దారి తప్పితే ఓర్చుకోండి, నాకది పాత జబ్బు.

మాది మద్దిలపాలెంలో ఒక పాత అపార్టుమెంటు. కింద అసోసియేషన్ గదిలో ఒక టీవీ ఉంది. అందులో మేం ఆరుగురం, బావతో కలిపి ఏడుగురం, రిటైరైన దగ్గర్నుంచి క్రికెట్ చూసేవాళ్ళం. చూడ్డం తక్కువ, తిట్టుకోవడం ఎక్కువ. ఆ గోలకి పై ఫ్లాటులో ఎవరి పిల్లకో పరీక్ష పాడైందట, సెక్రటరీ వచ్చి క్రికెట్ బందు పెట్టాడు. "చప్పుడు లేని ఆటేదైనా ఉంటే చూసుకోండి" అని వెటకారంగా అన్నాడు. మా బావ దాన్ని వెటకారమనుకోలేదు. రిమోట్ పట్టుకుని ఒక్కో ఛానెలూ తిప్పుతూ పోయి గోల్ఫ్ దగ్గర ఆగాడు.

"ఇదిగో, ఇక్కడ సూసేవోళ్ళని కూడా నోర్ముయ్యమని పలకలెత్తి సూపిత్తన్నారు. మనకి ఇదే రైటు."

ఆటేమిటో తెలియని వారికి రెండు ముక్కలు. చిన్న బంతిని కర్రతో కొట్టుకుంటూ వెళ్ళి దూరాన ఉన్న గుంటలో వెయ్యాలి. అలాంటి గుంటలు పద్దెనిమిది. తక్కువ దెబ్బల్లో ముగించినవాడు గెలిచినట్టు. తక్కువ వచ్చినవాడు ఫస్టు రావడమనేది నా చదువుకి బాగా నచ్చిన సంగతి. నేను బడికి వెళ్ళింది కొంచెమే. నా ఇంగ్లీషంతా ఓడల్లోంచి దిగిన పెట్టెల మీద నేర్చుకున్నదే. ఇటు పైకి, తడవనివ్వరాదు, పగులును, జాగ్రత్త. మనుషుల మీద కూడా ఇలాంటివి అచ్చేసి పంపితే బాగుండేదని అప్పుడప్పుడు అనిపిస్తుంది.

పెద్ద పోటీలు జరిగేది పరాయి దేశాల్లో. అక్కడ సాయంత్రమంటే ఇక్కడ మేం మందులు వేసుకుని పడుకునే వేళ. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. రాత్రి ఆటని టీవీ డబ్బాలో రికార్డు చేసి పెడతాం. తెల్లారి కాఫీ తాగి అందరం దిగివచ్చి, అప్పుడే జరుగుతున్నట్టు చూస్తాం. అప్పటిదాకా పేపరు విప్పకూడదు. ఫోన్లన్నీ ఆపేసి ఒక స్టీలు డబ్బాలో వేసి మూత పెట్టాలి. ఫలితం ముందే తెలిసినవాడు ఆ వారం గదిలోకి రాకూడదు. ఓసారి మా అప్ప పొద్దున్నే టీవీలో చూసి, పాపం మంచి కబురే కదా అని కిందికొచ్చి చెప్పేసింది. ఆ రోజు మేం ఆమెతో మాట్లాడలేదు. తలుపు దగ్గర ఆమెను చూడగానే అరవడం అప్పట్నుంచి అలవాటైంది.

ఈ పద్ధతిని మా అందరికంటే నిష్ఠగా పాటించినవాడు బావే. ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తెచ్చేవాడు. పొట్లం కట్టిన కాగితంలో ఆటల పేజీ ఉంటే, గదిలోకి రాకముందే ఆ ముక్క చింపి జేబులో పెట్టుకునేవాడు.

"అది పోయినేడాది పేపరు బావా" అంటే, "ఏమో, ఏ ఆట ఎవుడు సూడలేదో మనకేటి తెలుసు" అనేవాడు.

గుమ్మం దగ్గరాగి, "కొట్టీసేడా? రావచ్చా?" అని అడిగి మరీ అడుగు పెట్టేవాడు. టీవీలో మనిషి కర్ర ఎత్తి ఉన్నాడంటే దించేదాకా బయటే నిలబడేవాడు. ఎక్కడో సముద్రాలవతల నిన్న ఆడేసినవాడికి ఇవాళ మద్దిలపాలెంలో చెప్పుల చప్పుడు అడ్డం కాకూడదని.

అంత జాగ్రత్తగా నడిచినా ఆయన కాలికి చెడ్డపేరు వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో నెమ్మదిగా దిగివచ్చేవాడు కాబట్టి కాస్త ఆలస్యమయ్యేది. ఆయన వచ్చి కూర్చోగానే బంతి ఇసకలో పడేది, లేకపోతే నీళ్ళలో. నాలుగైదుసార్లు అలా అయ్యేసరికి ఫిషింగ్ హార్బర్‌లో బోటు డ్రైవరుగా చేసి రిటైరైన మిత్రుడు, "బావది ఐరన్ లెగ్గురా బాబూ" అన్నాడు. అందరం నవ్వాం. అందరికంటే బావే ఎక్కువ నవ్వాడు.

"ఉక్కు ఫ్యాక్టరీలో సేసినోడికి ఐరన్ లెగ్గు కాపోతే బంగారం లెగ్గొస్తాదేటి?"

ఆయనే నవ్వాడు కదా అని మేం ఆ మాటని వదల్లేదు. హాస్యానికి అన్నది ఎప్పుడు నమ్మకమైందో నాకిప్పటికీ తెలియదు. మొదట్లో ఆయన రాగానే గుండె మీద చెయ్యేసుకుని నటించేవాళ్ళం. కొన్నాళ్ళకి నటించడం మానేశాం. ఆయన వచ్చే వేళకి నిజంగానే ముడుచుకుని కూర్చునేవాళ్ళం.

ఈసారి పోటీ, నాలుగు రోజులది, అన్నిట్లోకీ కష్టమైనది. సముద్రపు ఒడ్డున మైదానం, మోకాలెత్తు గడ్డి, మనిషి దిగితే కనబడనంత ఇసక గోతులు, పైన ఆగని గాలి. బోటు డ్రైవరు మొదటి రోజే తీర్పు చెప్పేశాడు. "ఇది ఆట కాదు. వాయుగుండంలో వలెయ్యడం. ఈ గాలికి మేం బోటే తియ్యం, ఈళ్ళు బంతి కొడతన్నారు." బ్యాంకులో చేసిన మిత్రుడు ఒప్పుకోలేదు. "వారం వారం అందరూ సులువుగా ఆడేస్తే గొప్పవాడెవడో ఎలా తెలుస్తుంది? ఏడాదికోసారైనా ఏడిపించాలి" అన్నాడు. నేను ఇద్దరితోనూ గొడవ పడ్డాను. నా పక్షమేమిటో గుర్తులేదు.

గెలుస్తాడని లోకమంతా అనుకుంటున్నవాడు ఒకడున్నాడు. పొడుగాటి మనిషి, మొహంలో ఏదీ కనిపించనివ్వడు. ఇంతకుముందు ఇదే పోటీలో రెండుసార్లు చివరిదాకా వచ్చి జారిపోయాడు. బావ ఆ మనిషి మీద ప్రాణం పెట్టుకున్నాడు. నాకు నచ్చలేదు. గెలిచే గుర్రం మీద ఎవడైనా ఎక్కుతాడు, అందులో నీ గొప్పేమిటన్నాను.

"అలా కాదు బామ్మరిదీ. ఓడిపోయేవోడికి అయ్యో అనేవోళ్ళుంటారు. గెలవాల్సినోడికి ఎవులున్నారు? ఆడు బాగా కొడితే అది ఆడి డూటీ అంతారు. ఒక్కటి తప్పితే ఊరంతా ఆడి మీదే. ఫర్నేసు కాడ నా బతుకూ అదే కదేటి. సజావుగా నడిసినన్నాళ్ళు నన్నెవుడూ పిలవనేదు."

కిందటేడు గుండెకి స్టెంటు వేశాక ఆయన పెద్దగా ఏదీ కోరుకోలేదు. "ఆడు కప్పెత్తితే మీ అందరితో కూకుని సూడాల" అని మాత్రం నాతో చాలాసార్లు అన్నాడు. అది మీరు గుర్తుంచుకోవాలి. నేను గుర్తుంచుకోలేదు.

మొదటి రోజు బావ వచ్చాడు, ఆ పొడుగాటివాడు తడబడ్డాడు. రెండో రోజు ఆట చూసే పొద్దున బావ చింతపండు కోసం పూర్ణా మార్కెట్‌కి వెళ్ళాడు, వాడు అందరికంటే ముందుకొచ్చేశాడు. మూడో రోజు సగంలో బావ గుమ్మంలోకి రావడం, వాడి బంతి గడ్డిలో మాయమవడం ఒకేసారి జరిగాయి. అయినా చివరికి వాడే ముందున్నాడు. మిగిలింది ఆఖరి రోజు ఆటే. బావ పైకెళ్ళాక ఆరుగురం మొహాలు చూసుకున్నాం. ఎవరో ఒకరు చెప్పాలన్నారు. బంధువుని కాబట్టి నన్ను పంపారు.

ఆదివారం సాయంత్రం వెళ్ళాను. బావ బాల్కనీలో కూర్చుని మర్నాటికి వేరుశనక్కాయలు ఏరుతున్నాడు. నేను నసుగుతుంటే ఆయనే అన్నాడు.

"రావొద్దంటావ్. అంతేనా?"

"ఆడు గెలవాలనే కదా బావా. నీ మనిషే కదా."

ఆయన కాసేపు కాయలు ఏరాడు. "ఒక మాటడుగుతాను, కోప్పడకు. మీరు సూసేతలికి ఆట రాత్రే అయిపోద్ది. కప్పు ఎవుడో ఒకడు ఇంటికి కూడా అట్టుకుపోతాడు. అప్పుడు నానొత్తే ఏటి, రాపోతే ఏటి?"

"అయినా..." అన్నాను.

"సర్లే" అన్నాడు బావ. "మీ మనసులో ఇంకా అవ్వనేదు కదా. రాను. కింద గది కిటికీ తలుపు తీసుంచండి. సప్పట్లు ఇనబడితే సాలు నాకు."

పొద్దున్నే గదిలో ఈ సంగతి చెబితే, వినడం కూడా చూడ్డం కిందికే వస్తుందేమోనని బ్యాంకాయన సందేహం వెలిబుచ్చాడు. అందరూ కిటికీకి దగ్గరగా కూర్చున్నది ఎవరా అని చూశారు. నేనే. లేచి మూశాను. గడియ కూడా పెట్టాను.

సగం ఆట అయ్యేసరికి అప్ప తలుపు కొట్టింది. అంతకు ముందు అందరి ఫోన్లకీ చేసిందట. అవి డబ్బాలో ఉన్నాయి.

బావ బాల్కనీలో అదే కుర్చీలో ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని ఉన్నాడు. కాఫీ గ్లాసు నిండుగా పక్కన ఉంది. డాక్టరు చూసి, అంతా క్షణంలో అయిపోయి ఉంటుంది, ఎవరున్నా ఏమీ చేయలేకపోయేవారు అన్నాడు. ఆ మాట నాకు ఊరట కావాలని చాలామంది మళ్ళీ మళ్ళీ చెప్పారు. నేను అడిగేది అది కాదని వాళ్ళకెలా చెప్పను. ఎలాగూ పోయే మనిషి మాతో కూర్చుని పోయి ఉండేవాడు. కాయలు వలుస్తూ, "కొట్టీసేడా?" అంటూ. అప్పటికే ముగిసిపోయిన ఆటని కాపాడటానికి ఆ కాస్త చోటు లేకుండా చేశాం.

టీవీ డబ్బాలో రికార్డైన ఆటని తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. ఫలితం ఎవరూ కనుక్కోలేదు, కనుక్కున్నా ఒకరికొకరం చెప్పుకోలేదు.

పదోరోజు భీమిలి రోడ్డు పక్కన సముద్రపు గట్టు మీద ఆకేసి పిండం పెట్టారు. కాకి రాలేదు. అంటే, వచ్చింది, దూరాన కరెంటు తీగ మీద కూర్చుంది, దిగలేదు. తీరని కోరికేదో ఉండిపోయింది, చెప్పండి అన్నారు పంతులుగారు. బావ కూతురు "అమ్మని నేను చూసుకుంటాను నాన్నా" అంది. కాకి కదల్లేదు. "నా మోకాళ్ళకీ మందు రాసుకుంటాను, నా గురించి బెంగెట్టుకోకు" అంది అప్ప. కదల్లేదు. ఎండ ఎక్కుతోంది. అప్ప మావైపు తిరిగింది. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"తమ్ముడా, ఆడు గెలిసేడా? ఆ ముక్కేదో సెప్పు ఆయనకి."

మేం ఆరుగురం నేల చూశాం. బ్యాంకాయన మెల్లగా ఫోను తీసి, కళ్ళజోడు పెట్టుకుని వెతికాడు. చదివి, ఫోను నా చేతికిచ్చాడు. ఒక్క దెబ్బ తేడా. ఆఖరి గుంట దగ్గర.

గెలిచాడని చెబుదామని నోటిదాకా వచ్చింది. పిండం తిన్నాక కాకి లెక్కలడగదు కదా. కానీ అప్ప నన్నే చూస్తోంది. గట్టు దగ్గరికి వెళ్ళి, తీగ వైపు తలెత్తి, నా పోర్టు గొంతుతోనే చెప్పాను.

"ఓడిపోయాడు బావా. నువ్వు లేవు. నువ్వు చూడలేదు, వినలేదు. అయినా ఓడిపోయాడు."

వెనక బోటు డ్రైవరు ముక్కు చీదుకుంటున్నాడు. కాకి తీగ మీంచి లేచి, గట్టుకి కాస్త దూరంలో ఇసక మీద వాలింది. మెడ వంచి ఒకసారి ఆకువైపు, ఒకసారి మావైపు చూసింది.

"మీరు అవతలికెళ్ళండయ్యా" అన్నారు పంతులుగారు మా ఆరుగురినీ ఉద్దేశించి, మెల్లగా. "ఇంతమంది ఇక్కడుంటే రాదు. వెళ్ళి అటు తిరిగి నిలబడండి."

వెళ్ళాం. గట్టు వెనక వరసగా, సముద్రం వైపు మొహాలు పెట్టి నిలబడ్డాం. అలల చప్పుడులోంచి వెనక ఏదైనా వినబడుతుందేమోనని చెవులు రిక్కించాం. తిరిగి చూడమని ఎవరైనా పిలుస్తారని చాలాసేపు అలాగే ఉన్నాం.