మాల్‌సున్ పట్టు

కొరియాలోని జేజు దీవి తూర్పు ఒడ్డున హ్యన్ మాల్‌సున్‌ని ఎరగనివాళ్లు లేరు. పదిహేనో ఏట గుల్లల కోసం ఊపిరి బిగబట్టి సముద్రంలోకి దూకింది. డెబ్భై దగ్గరపడుతున్నా ఇంకా దూకుతూనే ఉంది. ఆ ఒడ్డున నత్తగుల్లలు తీసుకునే హక్కు ఊరి ఆడవాళ్లది. గోరంత గుల్లపిల్లల్ని తెచ్చి నీటి అడుగున రాళ్లమీద వదిలి, అరచేయంత అయ్యేదాకా కాపాడుకునేది కూడా వాళ్లే.

ఆ ఉదయం తమవాళ్లెవరూ లేనిచోట నీటి బుడగలు లేవడం మాల్‌సున్ చూసింది. మునిగి చూస్తే, వీపున గాలి సిలిండరుతో ఎవడో గుల్లలు పెకలించి వలసంచి నింపుకుంటున్నాడు. ఆవిడ సంచి పట్టుకుంది. వాడు మోచేత్తో డొక్కలో పొడిచాడు. ఆవిడ వదల్లేదు. వాడి మణికట్టు పట్టి మెలితిప్పింది. సంచి జారగానే చెయ్యి వదిలేసి, సంచితో పైకి తేలింది.

వాడు రాళ్లమీదికి ఎక్కేసరికి ఆడవాళ్లంతా చుట్టుముట్టారు. మాల్‌సున్ అక్క కూతురు బొక్‌సిల్ గుల్లలు తీసే ఇనుపబద్ద ఎత్తింది.

"అడ్డు రాకు పిన్నీ, ఒక్కటి తగిలిస్తే మళ్లీ ఈ వైపు చూడడు."

మాల్‌సున్ ఆ చెయ్యి పట్టుకుంది. "సంచి వచ్చేసిందిగా. ఇప్పుడు కొడితే అది గుల్లల కోసం కాదే, నీ కోపం కోసం."

పోలీసులు వచ్చేదాకా వాణ్ణి కదలనివ్వలేదు. చలికి పళ్లు కొట్టుకుంటుంటే ఒడ్డున తాము చలి కాచుకునే మంట దగ్గరే కూర్చోబెట్టింది.

వాడు ఊరుకున్నాడా? ముసల్ది చెయ్యి విరగ్గొట్టబోయిందని ఎదురు ఫిర్యాదు పెట్టాడు. కేసు పెట్టాలో వద్దో తేల్చే ప్రభుత్వ వకీలు ఆవిణ్ణి పట్నానికి పిలిపించాడు.

"అమ్మమ్మా, చెయ్యి చేసుకోకపోతే ఏం? అరిచి నలుగుర్నీ పిలవచ్చుగా?"

"నీళ్లలో ఎట్టా అరిచేది బాబూ?"

ఆయనకి నవ్వొచ్చింది. వాడు సంచి వదిలాక వాణ్ణేమైనా చేశావా అని అడిగితే, మంట దగ్గర కూర్చోబెట్టానంది. పోలీసులూ అదే రాశారు. కళ్లెదుట సొత్తు పోతుంటే అవసరమైన మేరకే బలం ఉపయోగించి ఆపడం నేరం కాదని, ఆవిడ మీద ఫిర్యాదు కొట్టేశాడు. దొంగతనం కేసు మాత్రం వాడిమీద నడిచింది.

ఆ మోచేతి పోటుకి పక్కటెముక బీటవారి మాల్‌సున్ ఆ చలికాలమంతా నీళ్లలో దిగలేకపోయింది. బొక్‌సిల్ తన వాటాలోంచి తీసి గుల్లల జావ కాచి తెచ్చేది. రోజూ ఉప్పెక్కువైందని వంక పెడుతూనే ఆవిడ గిన్నె ఖాళీ చేసేది.