ఇద్దరినీ తీసుకురావాలట

నాకు ముక్కు మీదే కోపం. మహారాష్ట్ర అంచున ఉన్న అంకిసలో మా కిరాణా దుకాణానికి వచ్చే ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. నోట్లను నలిపి విసిరేసే వాళ్ళనూ, కందిపప్పు డబ్బాలో చెయ్యి పెట్టి కలిపి కొనకుండా పోయేవాళ్ళనూ నేను ఊరికే వదలను. అలాంటిదాన్ని ఏడాదిన్నర పాటు మా అమ్మను ఒక్క మాట అడగలేకపోయాను. నా బిడ్డను నాకు ఇచ్చెయ్యి అని.

నా కవలలు సిరోంచ దవాఖానలో ఎనిమిది నిమిషాల తేడాతో పుట్టారు. ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దది పుట్టీపుట్టగానే దవాఖానంతా వినిపించేలా ఏడ్చింది. చిన్నది అరచేతిలో ఇమిడేలా ఉంది, పాలు తాగడానికే అలిసిపోయి మధ్యలో నిద్రపోయేది. ఇంట్లో అప్పటికే నాలుగేళ్ళ కొడుకున్నాడు. నా పాలు ఇద్దరికీ చాలేవి కావు. మూడో నెలలో గోదావరి అవతల, తెలంగాణ వైపు నుంచి మా అమ్మ చూడ్డానికి వచ్చింది. చిన్నదాని కాళ్ళూ చేతులూ తడిమి చూసి, "దీన్ని నేను తీస్కపోత. జర కండ పట్టినంక తోల్కస్త" అంది. ఆ రోజు నేను కాదనే స్థితిలో లేను. నిజం చెప్పాలంటే, ఒక బిడ్డ తగ్గిందని ఊపిరి పీల్చుకున్నాను కూడా.

అమ్మ మాట నిలబెట్టుకుంది. డాక్టరు రాసిచ్చిన డబ్బా పాలు చెంచాతో పట్టి, ఎండ పొడలో పడుకోబెట్టి నూనె రాసి, ఆ పిల్లను బతికించింది. ఏడాది తిరిగేసరికి చిన్నదాని బుగ్గలు పెద్దదాని బుగ్గల కంటే నిండుగా తయారయ్యాయి. మేం పదిహేను రోజులకోసారి బండి మీద వంతెన దాటి చూసి వచ్చేవాళ్ళం. నన్ను చూడగానే అది అమ్మ కొంగు చాటుకు పోయేది. అమ్మ దగ్గరే ఉండే మా తమ్ముడు నన్ను అక్కా అంటాడు కదా, అది విని అదీ నన్ను అక్కా అనడం నేర్చింది. మా అమ్మను మాత్రం అమ్మా అని పిలిచేది.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తిరిగొచ్చేటప్పుడు వంతెన మీద, బండి వెనక కూర్చుని ఏడ్చాను. మా ఆయన అద్దంలోంచి చూశాడు గానీ ఏమీ అనలేదు. అనుంటే ఆయన మీద పడేదాన్ని.

అడిగితే ఏమవుతుందని మీరు అనవచ్చు. ప్రాణం పోసిన మనిషి చేతుల్లోంచి పిల్లను ఎలా లాక్కోవడం? కండ పట్టిందిగా, ఇక నీ అవసరం లేదు అని చెప్పినట్టు ఉండదా? ప్రతిసారీ అడగాలనే వెళ్ళేదాన్ని. అమ్మ చేసిన చేపల పులుసు తిని, పచ్చడి సీసాలు పట్టుకుని తిరిగి వచ్చేదాన్ని.

అలా ఉండగా ఒకరోజు మేమంతా తాయి అని పిలిచే అంగన్‌వాడీ సేవిక దుకాణానికి వచ్చింది. ఆడపిల్లలున్న ఇంటికి సర్కారు ఇచ్చే సాయం ఒకటుంది. పుట్టినప్పుడు కొంత, బడిలో చేరాక కొంత, పై తరగతులకు పోతున్నకొద్దీ మరికొంత, పద్దెనిమిదేళ్ళు నిండాక పెద్ద మొత్తం. మేము కాగితాలు కుదరక అర్జీ పెట్టడం వాయిదా వేస్తూ వచ్చాం.

"రెండో కాన్పుల జుళ్యా ములీ అయితే ఇద్దరికీ వస్తది" అంది తాయి. జుళ్యా ములీ అంటే మరాఠీలో కవల ఆడపిల్లలు. "రేషన్ కార్డు, తహసీల్ నుంచి ఆమ్దనీ కాగితం, ఆపరేషన్ సర్టిఫికెట్ తియ్యున్రి. ఇద్దరు పిల్లలతోని నీ ఫోటో ఒకటి. మీ అమ్మ కాడికి పోయి దిగినా నడుస్తది."

కుటుంబ నియంత్రణ ఆపరేషన్ మా ఆయన చేయించుకున్నాడు. ఆ తర్వాత నాలుగు రోజులు కొత్త అల్లుడిలా మంచం మీద కూర్చుని గంటకో చాయ్ తెప్పించుకున్నాడు కనుక ఆ కాగితం ఎక్కడుందో ఆయనకు బాగా గుర్తు. ఆదాయ పత్రంతో సహా మిగతావి వారంలో పోగయ్యాయి. ఫోటో ఒక్కటే మిగిలింది.

ఆ ఫోటో మాట దగ్గరే నాకు ఉపాయం తట్టింది. అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, సర్కారు పైసలకు పిల్లలు ఇద్దరు ఒక్క ఇంట్లనే ఉండాలట. సాహెబ్ ఇంటికచ్చి చూస్తడట. ఇద్దరిని తీస్కరావాలట."

"ఎన్ని దినాలు ఉండాలట?" అంది అమ్మ.

"పద్దెనిమిదేండ్లు" అన్నాను.

మూడో రోజు అమ్మ పిల్లను తీసుకుని దిగింది. రెండు సంచుల నిండా చిన్నదాని సామానే. దాని స్టీలు గ్లాసు, రాగిపిండి, పడుకునేటప్పుడు బుగ్గకు ఆనించుకునే పాత చీర ముక్క. మడత పెట్టిన కాగితం ఒకటి నా చేతిలో పెట్టింది. "మా దిక్కు అంగన్‌వాడీల దీని పేరు తీపిచ్చిన. రెండు దిక్కుల గుడ్లు తింటుందని రేపు ఎవ్వలన్న అంటరు." అంత పద్ధతిగా వచ్చిన మనిషిని చూసి నాకు సిగ్గేసింది. అయినా నిజం చెప్పలేదు.

మర్నాడు పొద్దున తాయి కాగితాల కోసం వచ్చింది. అమ్మ దుకాణం ముందు బల్ల మీద చిన్నదాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"సాహెబ్ ఎప్పుడస్తడమ్మా?" అని అడిగింది తాయిని.

"ఏ సాహెబ్?"

"పిల్లలు ఒక్క ఇంట్ల ఉన్నరా లేదా అని చూసేటాయన."

"అసొంటిదేం లేదమ్మా. పిల్ల ఏ ఇంట్ల పెరిగినా పైసలు వస్తయి" అని తాయి కాగితాలు లెక్క చూసుకుని, ఫోటో రేపటికల్లా కావాలని చెప్పి సైకిలెక్కి పోయింది.

నేను త్రాసు వెనక చక్కెర జోకుతున్నాను. అమ్మ నా వైపు చూసింది. "పద్దెనిమిదేండ్లా?" అంది.

తప్పు నాది. కోపం మాత్రం అమ్మ మీదికే వచ్చింది. "ఔ, అబద్ధమే చెప్పిన. ఏం జెయ్యాలె మరి? నా కడుపున పుట్టింది నన్ను అక్కా అంటది. నా బిడ్డ నాకు కావాలె" అన్నాను. అంటూనే ఏడుపు ముంచుకొచ్చింది. సగం చక్కెర త్రాసులో, సగం నేల మీద పడింది.

అమ్మ లేచి రాలేదు, ఓదార్చలేదు. "గీ మాట అడుగనీకె సర్కారు కావాల్నా పిల్లా నీకు?" అంది.

నేను త్రాసు పళ్ళెం కింద పెట్టాను.

"ఏడాది సంది చూస్తున్న, ఇయ్యాల అడుగుతదా, రేపు అడుగుతదా అని. నువ్వు అడుగకపాయె. ముగ్గురితోని నీకు కష్టమైతదని ఊకున్న. నా అంతల నేనే తెచ్చి దింపితే, అమ్మకు బరువైందని అనుకుంటవేమోనని భయపడ్డ."

ఇద్దరం ఒకే భయంతో వంతెనకు చెరో పక్కన ఇన్నాళ్ళూ కూర్చున్నామన్న మాట. ఆ తర్వాత ఇద్దరం వంగి నేల మీది చక్కెర ఎత్తాం. చిన్నది మాకు సాయం చేస్తున్నట్టే కూర్చుని ఎత్తినంత నోట్లో వేసుకుంది.

ఫోటో సిరోంచలో దిగాం. పెద్దది కెమెరా వైపు చూసింది. చిన్నది పక్కన నిలబడి చప్పట్లు కొడుతున్న అమ్మమ్మ వైపు చూసింది. ఫోటో అంచున అమ్మ చెయ్యి, గాజులు పడ్డాయి. స్టూడియో అతను కత్తిరిస్తానన్నాడు. ఒకటి అర్జీకి అలా కత్తిరించి ఇమ్మని, ఇంకోటి ఇంటికి చేతితో సహా ఇమ్మన్నాను.

అమ్మ పదిహేను రోజులుండి వెళ్ళింది. ఆమె వెళ్ళాక మొదటి వారం చిన్నది బస్సు చప్పుడు వినిపిస్తే చాలు గడప దగ్గరికి ఉరికేది. దాన్ని ఎత్తుకుని తిప్పడంతోనే నా పొద్దు గడిచేది. తర్వాత ఒక మధ్యాహ్నం బిస్కెట్ దగ్గర పేచీ వచ్చి ఇద్దరూ ఒకేసారి "అమ్మా" అని అరుస్తూ నా మీదికి వచ్చారు. చిన్నది కూడా. ఎవరు ఎవరిని కొట్టారో నేను విచారించలేదు. ఇద్దరికీ రెండేసి బిస్కెట్లు ఇచ్చి, లోపలికి పోయి కళ్ళు తుడుచుకుని వచ్చాను.

మొన్న ఇద్దరి పేరా మొదటి విడత సాయం జమయ్యిందని ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. మా ఆయన దాన్ని రెండుసార్లు పైకి చదివాడు. నేను వెంటనే అమ్మకు ఫోన్ చేసి చెప్పాను.

"మంచిగైంది" అంది. కొంచెం ఆగి, "పిల్లా, మా దిక్కు అంగన్‌వాడీ ఆమె అచ్చింది. చిన్నదాని బరువు చూడాలట. తీస్కరమ్మంటుంది" అంది.

పేరు తీసేసిన కాగితం నా ఎదురుగానే, గల్లాపెట్టె పక్కన మేకుకు గుచ్చి ఉంది. నేను దాని వైపు చూస్తూ, "ఒక్కదాన్నేనా?" అని అడిగాను.

"ఇద్దరిని తీస్కరావాలట" అంది అమ్మ.

"రేపు పొద్దుగాల బస్సుకు వస్తున్నమని చెప్పు ఆమెకు" అన్నాను.