చెట్టు పడే పక్క

మ్యూజియం మూడో గదికి కాపలా కాసే పెద్దాయన పొద్దున రాగానే చేసే మొదటి పని, తన కుర్చీని కుడిపక్కకి జరుపుకోవడం. ఎదురుగా గోడనిండా నూటయాభై ఏళ్ల కిందటి రష్యా అడవి బొమ్మ. పైన్ చెట్లు, బురదదారి, చెట్ల వెనక పల్చటి వెలుగు. ఈ ఉద్యోగానికి ముందు ఆయన ముప్పై ఏళ్లు అడవిలో చెట్లు కొట్టించిన మేస్త్రీ. చెట్టు ఏ పక్కకి పడుతుందో ఒక్కసారే తప్పు చెప్పాడు. ఎడమచేతి రెండు వేళ్లు ఆ రోజు పోయినవే. ఎవరైనా అడిగితే "అడవిలో ఉన్నాయి" అంటాడు, గొడుగు మర్చిపోయి వచ్చినవాడిలా. గైడు మేడం రోజుకి నాలుగుసార్లు ఆ బొమ్మకి ఎడమపక్కన నిలబడి, ఆ వెలుగు మనిషి ఆశ అనీ, ఒరిగిన చెట్టు ఒంటరితనం అనీ చెబుతుంది. ఆయన ఆవులింత ఆపుకుంటూ వింటాడు.

మొన్న ఆవిడకి ఒళ్లు మండింది. "తలుపు కనబడేలా కుర్చీ ఎడమపక్క వెయ్యమని ఎన్నిసార్లు చెప్పాలి పెద్దాయనా? ఈసారి పైకి రాసేస్తాను, ఉద్యోగం ఊడుతుంది."

"ఊడితే ఊడనివ్వండి మేడం. ఆ ఒరిగిన చెట్టు మొదట్లో పుట్టగొడుగులు చూశారా? లోపలంతా గుల్ల. పడితే ఎడమపక్కకే పడుతుంది."

"అది బొమ్మండీ!"

"బొమ్మే," అని ఒప్పుకున్నాడాయన. కుర్చీ మాత్రం జరపలేదు.

ఇంతలో పదకొండు గంటల బృందం వచ్చింది. మేడం ఎప్పటిలాగే ఎడమపక్కన నిలబడి ఆశ గురించి మొదలుపెట్టింది. ఒంటరితనం దగ్గరికి వచ్చేసరికి మాట తడబడింది. పుట్టగొడుగుల వంక ఒకసారి చూసి, "అందరూ కాస్త ఇటు రండి," అంటూ వచ్చి కుర్చీ పక్కన నిలబడింది.