లలిత పట్టుకున్న స్లైడు

1984 జూన్‌లో నన్ను మదనపల్లె శివార్లలోని ఒక ప్రైవేటు పట్టుగుడ్ల కేంద్రంలో టెక్నికల్ అసిస్టెంటుగా వేశారు. అప్పటికి ఈ పనిలో నాకు ఎనిమిదేళ్ల అనుభవం. గుడ్లు పెట్టిన తల్లి చిలకను, అంటే పట్టుపురుగు సీతాకోకచిలకను, చిన్న రోట్లో నూరి, ఆ రసం చుక్కను గాజు స్లైడు మీద వేసి మైక్రోస్కోపులో చూడాలి. పెబ్రిన్ అనే తెగులు తల్లి నుంచి గుడ్లకు దిగుతుంది. దాని బీజాలు కోలగా మెరుస్తాయి. అవి కనబడితే ఆ గుడ్లను కాల్చేయాలి. బాగున్నాయని సంతకం పెట్టేది నేనే.

ఆగస్టు మొదట్లో సోమల ఊరి రైతు రెడ్డెప్ప కూతురు లలిత వచ్చింది. డిగ్రీలో జువాలజీ చదువుతోంది. కాలేజీ నోటీసు బోర్డులో చూసి, జపానులోని ఒక పట్టు పరిశోధనశాలలో మూడు నెలల శిక్షణకు దరఖాస్తు పెట్టి ఎంపికైంది. పాస్‌పోర్టు కూడా వచ్చేసింది. తల్లి చిలక పరీక్ష చేయగలదని ఏదైనా గుడ్ల కేంద్రం ఇచ్చే సర్టిఫికెట్ ఒక్కటే మిగిలింది. నెలాఖరులోగా పంపకపోతే అవకాశం పోతుంది.

ఇరవై స్లైడులు ముందు పెట్టాను. మూడింట్లో తెగులుంది. ఆమె ఒక్కటే పట్టుకుంది. గాలి బుడగలను రెండుసార్లు బీజాలనుకుంది. సంతకం పెట్టనన్నాను.

మరునాడు రెడ్డెప్ప వచ్చాడు. "పాప కాలేజీలో ఫస్టు సార్. ఒక్క సంతకానికి యాల ఆపుతాండారు?" అన్నాడు. నేను బదులిచ్చేలోగా లలితే అందుకుంది. "నాకు రాలేదు నాయనా. ఆయన్ని అడగొద్దు. ఈడనే నేర్చుకుంటా."

రోజూ కాలేజీ వదిలాక వచ్చేది. బుడగ అంచు నల్లగా, మందంగా ఉంటుందని, బీజం ఉన్నచోటే సన్నగా కదులుతుందని చూపించాను. మూడో వారంలో ఒక సాయంత్రం, నేను అప్పుడే చూసి బాగున్నాయని పక్కన పెట్టిన స్లైడులతో అభ్యాసం చేస్తోంది.

"సార్, దీంట్లో ఉండాది," అంది.

బుడగై ఉంటుందన్నాను.

"కాదు సార్. ఇంకోసారి సూడండి."

చూశాను. రెండు బీజాలున్నాయి. ఆ గుడ్ల లాటు మర్నాడే కుప్పం రైతులకు వెళ్లాలి. మేనేజరు విసుక్కున్నా బండిని ఆపించి, అన్నిటినీ తిరిగి చూశాను. మరో రెండు స్లైడుల్లోనూ తెగులు కనిపించింది. లాటు మొత్తం కాల్చేశాం. పొరపాటు నాదని రిజిస్టరులో రాశాను. మెమో ఇచ్చారు.

సర్టిఫికెట్ రాయడానికి కూర్చుంటే సిగ్గేసింది. నా సంతకం ఇప్పుడు చెల్లుతుందా అని లలితనే అడిగాను.

"నేర్పింది మీరే కదా సార్. పెట్టండి," అంది.

నా కంటికి తప్పిపోయిన స్లైడులో తెగులు పట్టుకుందని అందులో రాసి సంతకం పెట్టాను. అక్టోబరులో ఆమె జపాను వెళ్లింది.

ఏళ్ల తరబడి వందల స్లైడులు చూసేవాడికి, ఏమీ లేదనుకుంటూ చూడటం అలవాటవుతుంది. అలవాటైన సంగతి అతనికి తెలియదు. ఆ తర్వాత రిటైరయ్యే దాకా, నేను బాగుందన్న ఏ లాటునైనా మరొకరు చూశాకే బయటికి పంపాను.