కుందూకు దారివ్వని పెన్న

ఆ ఉదయం ప్రొద్దుటూరు వంతెన మీద సగం ఊరు ఉంది. ఏళ్లుగా ఇసుకే కనిపించిన పెన్న గట్టు నుంచి గట్టు దాకా ఎర్రగా పారుతోంది. ఆడవాళ్లు పసుపు కుంకుమలు వేస్తున్నారు.

"ఈడ చినుకే ల్యాకపాయె, ఇన్ని నీళ్లు యాడివప్పా?" అని అడిగాడు నా పక్కనున్న ముసలాయన.

పులివెందుల వైపు నుంచి వచ్చిన చిత్రావతి గండికోట దగ్గర పెన్నలో కలిసిందని, జమ్మలమడుగు ఎగువన మైలవరం డ్యాం గేట్లు ఎత్తారని చెప్పాను.

"మంచిదే గదా! ఏటికి పెండ్లికళ వచ్చె," అన్నాడు.

మంచిదే. ఇంటికొచ్చి డైరీలో అలాగే రాసుకున్నాను.

మధ్యాహ్నం మా అక్క ఫోన్ చేసింది. వాళ్ల పసుపు చేను కుందూ ఒడ్డున ఉంది, కుందూ పెన్నలో కలిసే చోటుకు కొంచెం ఎగువన.

"అబ్బీ, కుందూ పారడంల్యా. నిలబడి లేస్తాంది."

నేను వెళ్లేసరికి ఎండ కాస్తోంది. కుందూలో పైనుంచి వచ్చేది రోజూ వచ్చే నీరే. కానీ దిగువన పెన్న నిండుగా అడ్డం పోతుంటే దానికి దూరే సందు లేదు. చేలో మురుగును కుందూలోకి దింపే వంక వెనక్కి నడుస్తోంది. చప్పుడు లేదు, సుడి లేదు. సాళ్లలోకి నీళ్లు పిల్లిలా వస్తున్నాయి.

బావ ఇంజను తెచ్చి, పైపు చేత పట్టుకుని ఊరికే నిలబడ్డాడు.

"తోడేదానికేం బామ్మర్దీ, తోడతా. పారబోసేది యాడ? మీ ప్రొద్దుటూర్లోనా?"

"బస్సు అడ్డం నిలబడితే ఆటో యాడికి పోతాది?" అన్నాడు గట్టు మీద కూర్చున్న పక్క చేని రైతు.

"నవ్వు మామా, నవ్వు. నీది వరి, నీళ్లలో నిలబడతాది. నాది దుంప."

అక్క నవ్వలేదు. "జమ్మలమడుగులో నీకు తెలిసినోళ్లుండారు గదబ్బీ. ఒక్క పూట ఆ మైలవరం గేట్లు దించమను."

నాతో పాటు ఉద్యోగం చేసి రిటైరైన మిత్రుడు ఒకాయన అక్కడున్నాడు. ఫోన్ చేశాను.

"నా మాట ఎవరింటారప్పా? విన్నా ఆ నీళ్లు యాడ పెట్టుకుంటారు? పైన గండికోట డ్యామూ నిండె. చిత్రావతి ఇంకా వస్తానే ఉంది," అన్నాడు.

అదే అక్కకు చెప్పాను. గేటు నా చేతిలోనే ఉన్నట్టు ఆమె నా చేతికేసి చూసింది. పొద్దు గూకేదాకా ముగ్గురం గట్టు మీదే కూర్చున్నాం. అంతకుమించి చేసిందేమీ లేదు.

పెన్న తగ్గాకే కుందూ కదిలింది. చేను ఆరుతుండగా మళ్లీ వెళ్లాను. ఆకు పచ్చగానే ఉంది.

"చూడబ్బీ, ఏం కాల్యా," అంది అక్క.

బావ వంగి ఒక మొక్క పట్టుకున్నాడు. లాగకుండానే చేతికి వచ్చేసింది. మెత్తబడిన దుంప బురదలోనే ఉండిపోయింది. ఆయన ఆ మొక్కను అదే గుంతలో నిలబెట్టి, చుట్టూ మట్టి ఒత్తాడు.

"ఆ పక్క బాగుంటాదేమో," అంది అక్క.

ఆ పక్కకు మేమెవరమూ పోలేదు.