కట్టినవాడే ముందు ఎక్కాలి

నా చిన్నప్పుడు చోడవరంలో మా చిన్నమావయ్యంటే ఇంటిల్లిపాదికీ అనుమానమే. ఆయన మద్రాసులో విమానాలు నడిపే ఏదో కంపెనీలో మెకానిక్కు. ఒకరోజు చెప్పాపెట్టకుండా ట్రంకుపెట్టెతో మా ఇంట్లో దిగాడు. సెలవా అంటే కాదన్నాడు. మరేమిటంటే నవ్వి ఊరుకున్నాడు. ఏదో ఎత్తుకొచ్చి ఉంటాడని పక్కింటి పిన్ని అమ్మ చెవిలో ఊదింది. సొంత తమ్ముడే అయినా అమ్మ కూడా ఆ పెట్టెకేసి అదోలా చూసేది. నేనూ అలాగే చూసేదాన్ని, దాచుకోవడమెందుకు!

ఆయన అనుమానాలు ఆయనవి. నూతి గిలక ఊపి చూసేవాడు. నులక లాగి చూసిగానీ మంచం మీద కూర్చునేవాడు కాదు. ఇదేం చోద్యమమ్మా అని నవ్వుకునేవాళ్ళం.

ఇంతలో అట్లతద్ది వచ్చింది. పెరట్లో చింతకొమ్మకి ఉయ్యాల కట్టడం ఏటా మా పెదనాన్న పని. గోరింటాకు చేతులతో అందరికంటే ముందు నేనే పరిగెత్తాను. పీట మీద కూర్చోబోతుంటే చిన్నమావయ్య నా రెక్క పట్టుకుని ఆపాడు.

"ఉండే గుంటా! బావగారూ, ఈ మోకు నిరుటిదేనేటి?"

పెదనాన్నకి చుర్రుమంది. "నన్నే అనుమానిస్తన్నావేటి? బెమ్మాండంగా ఉంది."

"అయితే ముందు మీరెక్కండి."

ఆడపిల్లల ఉయ్యాల మగవాడెక్కడమేమిటని అందరూ గొల్లున నవ్వారు. పెదనాన్నా నవ్వాడు. నవ్వాడే గానీ పీట దగ్గరికి మాత్రం రాలేదు. తలెత్తి, మోకు కొమ్మకి ఒరుసుకునే చోటుకేసి చూశాడు. తర్వాత నాకేసి చూశాడు. చెట్టెక్కి ఆ మోకు విప్పేసి, కొత్తది తెచ్చి కట్టి, పంచె ఎగ్గట్టి తనే ముందు కూర్చుని ఊగాడు. ఆ పాతది తెగేదో లేదో నాకిప్పటికీ తెలియదు.

ఆ సాయంత్రం అమ్మ అడగ్గా అడగ్గా మావయ్య నోరు విప్పాడు. "మా కాడ ఇమానం బాగుసేసేక తొలిసారి లేస్తే, బాగుసేసినోడూ అందులో ఎక్కాలప్పా. మొన్నొకటి నాకు నచ్చలేదు. జనం కాసుక్కూకున్నారు, బాగుందని సెప్పీమన్నాడు మా పెద్దాయన. మీరూ ఎక్కండి, సెప్తానన్నాను. ఆయనెక్కలేదు. నాను సెప్పలేదు. ఉజ్జోగం పోయింది."

తమ్ముణ్ణి దొంగనుకున్నానే అని అమ్మ బావురుమంది. నాకూ సిగ్గేసింది.

మొన్న మా అపార్ట్‌మెంట్లో లిఫ్టు బాగుచేసిన మెకానిక్కు, "ఏం పర్లేదు, ఎక్కండి మామ్మగారూ" అన్నాడు. "నువ్వూ రా బాబూ" అన్నాను. అత్తయ్యగారికి అన్నీ అనుమానాలేనని మా కోడలు విసుక్కుంది. నిజమే. ఏం పర్లేదన్నవాడి మాట వినను, కాళ్ళకేసి చూస్తాను. ఆ మెకానిక్కు కాళ్ళు కదల్లేదు. నేను మెట్ల దారి పట్టాను. నాలుగు మెట్లు ఎక్కి తిరిగి చూస్తే, వెనకే మా కోడలూ వస్తోంది.