ఫెలోషిప్ ఫారంల రెండో ప్రశ్న

డిగ్రీ రెండో సంవత్సరం చదివేటప్పుడు, చలికాలం పోతున్న రోజులల్ల, మా పొలిటికల్ సైన్స్ మేడం క్లాసు అయిపోయినంక నన్ను ఒక్కదాన్నే ఆపింది. తన ఫోన్ల ఒక ఫారం చూపించింది. ఎండాకాలం సెలవులల్ల ఎనిమిది వారాల ఫెలోషిప్ అది. ఉన్నోళ్ల పిల్లలకైనా లేనోళ్ల పిల్లలకైనా చదువు ఒక్క తీరుగ అందాలంటే ఏం చేయాలె అనేది సర్కారు బళ్లల్ల పెట్టే ఎండాకాలం క్లాసులల్ల పనిచేసుకుంట నేర్చుకోవాలె. కాలేజీ పిల్లలకు మాత్రమే.

"నువ్వు పెట్టు" అన్నది మేడం.

"నాకు ఇంగ్లీషు సరిగ రాదు మేడం."

"తెలుగుల గూడ రాయొచ్చని కింద ఉన్నది. ముందు మొత్తం చదువు, తర్వాత భయపడు."

ఆ దినం సంగారెడ్డిల బస్సెక్కి సీటు దొరకంగనే, మేడం నా ఫోన్‌కు పంపిన ఫారం చదువుడు మొదలువెట్టిన. పేరు, ఊరు, మార్కులు అయినంక పెద్ద ప్రశ్నలు రెండే ఉన్నయి. మొదటిది: మీ చుట్టుపక్కల చదువు విషయంల మీరు చూసిన అసమానత ఏమిటి? ఇది నాకు కష్టమనిపియ్యలే. బస్సు కంది ఊరు చేరేలోపల్నే మనసుల ఆరు వాక్యాలు రాసుకున్న. రెండోది: దాని గురించి మీరేం చేశారు?

పటాన్‌చెరు వచ్చింది. బస్సు దిగిన. ఆటోల కూసున్న. ఆ ప్రశ్న కింద రాయనీకి ఒక్క మాట దొరకలే.

నేను ఏం చేయలే. అది నిజం. పొద్దున లేచి అమ్మకు టిఫిన్ డబ్బా కట్టుడు, కాలేజీకి పోవుడు, వచ్చి చదువుకునుడు. అమ్మ మందుల కంపెనీల ప్యాకింగ్ పని చేస్తది. నాయిన ఒకప్పుడు వేరేటోళ్ల పొలాలల్ల కూలికి పోయెటోడు, ఇప్పుడు ఇనుప కంపెనీల హెల్పర్. మా ఇల్లు దాటంగనే వరుసగ రేకుల రూములుంటయి, ఒడిశా నుంచి కంపెనీ పనికి వచ్చినోళ్లు కిరాయికి ఉంటరు. ఆడ ఒక పిల్ల, తొమ్మిదేండ్లు ఉంటయేమో, తమ్ముణ్ణి సంకనేసుకొని పొద్దుగాల బోరింగ్ కాడ నిలవడి ఉండేది. నేను ఆటో కోసం పోతుంటె నన్ను చూసి నవ్వేది. ఏడాది సంది రోజూ చూస్తున్న. నేను మనసుల రాసుకున్న ఆరు వాక్యాలు ఆ పిల్ల గురించే.

ఫారం పంపనీకి ఇంక పద్దెనిమిది రోజులున్నయి. ఆదివారం పొద్దున ఆ రేకుల రూముకు పోయిన. ఫారం కోసమే పోయిన. లోపలికి పోతుంటే ఎవరన్న నన్ను పట్టుకొని "నీకు ఇప్పుడే యాదికొచ్చిందా?" అని అడుగుతరేమోనని సిగ్గయింది.

వాళ్లమ్మ వంకాయలు కోస్తున్నది. నాకొచ్చిన హిందీల అడిగిన, పాపను బడికి ఎందుకు తోలుతలేరని. కాయితాలు లేకుంటె తీసుకోరని పక్క రూమామె చెప్పిందట. ఒడిశాల వాళ్ల ఊర్ల రెండో తరగతి చదివింది, గని ఆడి నుంచి టీసీ తెచ్చుకోలే. బడికి పోయి అడుగుడు మాత్రం ఎన్నడూ అడగలే.

"నేను అడుగుత" అన్న. ఆమె కత్తి పక్కన వెట్టి నన్ను తేరిపార చూసింది. నమ్మిందో లేదో తెల్వలే.

తెల్లారి కాలేజీకి పోకుండ మా ఊరి బడికి పోయిన. నేను ఐదో తరగతి దాక చదివింది ఆడనే. ఇప్పుడున్న పెద్దసారు నాకు కొత్త. రెండు తరగతులను ఒక్క రూముల కూసోబెట్టి పాఠం చెప్తున్నడు. నేను చెప్పింది విని చాక్‌పీసు టేబుల్ మీద వెట్టిండు.

"టీసీ లేకున్నా వయసును బట్టి చేర్చుకుంటం. అదేం పెద్ద పని గాదమ్మా. నిలవెట్టుడే పెద్ద పని. మూడు రోజులొచ్చి మానేసినోళ్లను నేను మస్తుమందిని చూసిన."

"ఈ పిల్ల మానేయది సార్" అన్న, అన్నీ తెల్సినట్టు.

మంగళవారం పిల్లను నేనే తోల్కపోయిన. తలకు నూనె పెట్టి రెండు జడలేసి పంపింది వాళ్లమ్మ. బుధవారం వచ్చింది. గురువారం వచ్చింది. శుక్రవారం రాలే.

నాకు మస్తు కోపమొచ్చింది. ఆ పిల్ల నా ఫారం చింపేసినట్టే అనిపించింది. సాయంత్రం కాలేజీ నుంచి రాంగనే రేకుల రూములకు పోయిన. పిల్ల బోరింగ్ కాడ తమ్మునికి స్నానం చేపిస్తున్నది.

"బడికి ఎందుకు పోలేదు?"

పిల్ల నా దిక్కు ఆశ్చర్యంగ చూసింది. "వీణ్ణి ఎవరు చూస్తరు, దీదీ?" అన్నది హిందీల.

అప్పుడు సమజైంది. ఆ మూడు రోజులు కంట్రాక్టరు వాళ్లమ్మను పనికి పిలవలే. నాలుగో దినం మళ్ల పిలిచిండు. ఇగ ఇంట్ల పిల్లగాణ్ణి చూసుకునేది ఈ పిల్ల తప్ప ఎవరు?

ఇంటికొచ్చి గడప మీద కూసున్న. అమ్మ షిఫ్టు నుంచి వచ్చి కాళ్లు చాపుకొని చాయ్ తాగుతున్నది. అయిందంత చెప్పిన. "ఈ ఫెలోషిప్ నాతోని కాదమ్మా, ఇడిసిపెడుత" అన్న.

అమ్మ చాయ్ గ్లాసు కింద వెట్టింది. "నేను మూడో తరగతిల గిట్లనే మానేసిన" అన్నది.

అమ్మ చదువు మానేసిందని తెల్సు. ఎందుకు మానేసిందో నేను ఎన్నడూ అడగలే.

"మీ చిన్నమామ అప్పుడు పాలు తాగే పిల్లగాడు. మా అవ్వ, అదే మీ అమ్మమ్మ, కూలికి పోతుండె. నేను వాణ్ణి సంకనేసుకొని బడికి పోయిన. వాడు ఏడ్సిండు. సారు బయట కూసోమన్నడు. బయట కూసుంటె పాఠం ఇనవడేది గని బోర్డు కనవడకపోయేది. లెక్కలు చెవులతోని ఎంతసేపు నేర్చుకుంటవ్? కొన్నొద్దులు పోయిన, ఇగ ఇడిసిపెట్టిన."

అమ్మ గ్లాసు ఎత్తి మిగిలిన చాయ్ తాగింది. తర్వాత అమ్మనే అడిగింది. "బడి ఆవరణలనే అంగన్‌వాడీ ఉన్నది గదా. పిల్లగాణ్ణి ఆడ కూసోబెడితె?"

"మూడేండ్లు నిండితేనే కూసోబెట్టుకుంటరమ్మా. వానికి రెండు గూడ నిండలే."

"రేపు నాకు వీక్లీ ఆఫ్. నేనొస్త."

శనివారం అమ్మ పెండ్లిళ్లకు కట్టుకునే ఆకుపచ్చ చీర కట్టుకొని నాతోని అంగన్‌వాడీకి వచ్చింది. టీచరమ్మ అమ్మకు ఎరికైన మనిషే. అమ్మ చెప్పింది మొత్తం విని ఆమె తల అడ్డం ఊపింది.

"రిజిస్టర్ల ఎట్ల రాసుకుంట వదినా? వాని వయసు చిన్నది."

"రాయకు. రాయమని నేను అంటలేను. కూసోబెట్టుకో చాలు. వాళ్లక్క పక్క రూములనే ఉంటది, ఏడిస్తె పిలువు. నేను ఎవరి కోసం బడి మానేసిన్నో వాడు ఇప్పుడు కారు నడుపుకుంట తిరుగుతున్నడు. నేను డబ్బాలు ప్యాక్ చేస్తున్న. ఈ పిల్లనన్న లోపల కూసోనియ్యి."

టీచరమ్మ రిజిస్టరు తెరిచి మళ్ల మూసింది. మూలకు కూసొని గుడ్ల పొట్టు తీస్తున్న ఆయమ్మ నోరు తెరిచింది. "నేను చూసుకుంట తీయి. ఇరవై మందిని చూస్తలేనా, ఇంకొకడు ఎక్కువైతడా?"

టీచరమ్మ నవ్వింది. అమ్మ ఆయమ్మ పక్కన కూసొని తాను గూడ గుడ్ల పొట్టు తీసుడు వెట్టింది.

పిల్లగాడు మొదటి రెండు రోజులు బడంత ఇనవడేటట్టు ఏడ్సిండు. వాళ్లక్క నాలుగు సార్లు లేచి పోయి చూసొచ్చింది. పెద్దసారు ఏమనలే. మూడో దినం పిల్లగాడు పప్పన్నం తిని పండుకున్నడు. ఆ మధ్యాహ్నం పిల్ల బోర్డు మీద తన పేరు తెలుగుల రాసిందని పెద్దసారే నాకు ఫోన్ చేసి చెప్పిండు. ఫోన్ పెట్టేసినంక బస్టాండ్ల నేను ఒక్కదాన్నే నవ్వుకుంట నిలవడ్డ.

ఫారం పంపాల్సిన ఆఖరు దినం కాలేజీ మెట్ల మీద కూసొని రాస్తున్న. పక్కన మా దోస్తు తొంగి చూసింది. "ఒక్క పిల్లనేనా? ఇరవై మందని రాయవే. ఎవరొచ్చి చూస్తరు?"

నిజంగనే ఫోన్ల ఇరవై అని కొట్టిన. చూసుకుంటె ఆ అంకె నా కండ్లకు మంచిగనే కనవడ్డది. కొంచెంసేపు అట్లనే ఉంచిన. అమ్మ గుడ్ల పొట్టు తీసిన సంగతి ఇరవై మంది లెక్కల ఎక్కడ పడుతది? తుడిపేసిన. ఒక్కరు అని రాసిన. మూడు రోజులొచ్చి మానేసిందని, నాకు కోపమొచ్చిందని, దారి చూపించింది మా అమ్మనే అని గూడ రాసి పంపిన.

నెల దాటినంక ఇంటర్వ్యూకు పిలిచిండ్రు. సంగారెడ్డిలనే. బయట కూసున్నోళ్లల్ల కొందరు ఫైళ్లనిండ సర్టిఫికెట్లు తెచ్చుకున్నరు. నా చేతుల హాల్‌టికెట్ సైజు కవరొకటి. లోపల ముగ్గురున్నరు. నడుమ కూసున్న పెద్ద మేడం నా ఫారం ముందర వెట్టుకొని, అద్దాల మీది నుంచి చూసింది.

"ఒక మాట అడుగుతాను, నిజం చెప్పాలి. ఈ పాపను బడిలో చేర్చింది ఈ ఫారం కోసమేనా?"

కాదని చెప్పనీకి మంచి మాటలు చానా ఉన్నయి.

"అవును మేడం. మొదలువెట్టింది ఫారం కోసమే. మీరు అడగకపోతే నేను ఆ రూముకు పోకపోదును. గని ఫారం పంపిన తెల్లారి గూడ పోయిన. ఆ తర్వాత రోజూ పోతున్న."

పక్కనున్న సారు కాయితం చూసిండు. "ఒక్కరే అని రాసినవు?"

"అప్పుడు ఒక్కరే సార్. ఇప్పుడు నలుగురు వస్తున్నరు. ఆ పిల్లనే పక్క రూముల పిల్లలను పట్టుకొచ్చింది."

"మేం నిన్ను తీసుకోకపోతే?"

"మీరు తీసుకున్నా తీసుకోకున్నా రేపు పొద్దుగాల వాళ్లను బడికి తోల్కపోవాలె సార్."

ఈ మాట ఎట్లొచ్చిందో నాకు తెల్వది. పెద్ద మేడం కలం మూత పెట్టి నవ్వింది.

రెండు వారాలకు మెయిల్ వచ్చింది. బస్సుల ఉన్న. మొదటి వాక్యంలనే "అభినందనలు" అని ఉన్నది. మూడు సార్లు చదివిన. కొండాపూర్ మండలంల ఒక బడిల పని, ఎనిమిది వారాలు. పటాన్‌చెరుల దిగి ఇంటికి పోలే, అమ్మ కంపెనీ గేటు కాడికి ఆటో ఎక్కిన.

షిఫ్టు అయిపోయి ఆడోళ్లు గుంపుగ బయటికొస్తున్నరు. అమ్మ నన్ను చూసి పరేషానై ఉరికొచ్చింది. "ఏమైంది బిడ్డా? నాయినకు మంచిగనే ఉన్నదా?"

"మంచిగనే ఉన్నడమ్మా. నేను సెలెక్టయిన!"

"నౌకరీనా?"

"నౌకరి కాదు. ఎండాకాలం పని నేర్పిస్తరు."

"ఏం పని?"

"పిల్లలు బడికి ఎందుకు వస్తలేరో తెల్సుకొని, వచ్చేటట్టు చేసుడు."

అమ్మ నడుము మీద చేయి వెట్టుకున్నది. "గది నేర్పుడేంది? గది మనకొచ్చు గదనే!"

చుట్టున్న ఆడోళ్లు పగలవడి నవ్విండ్రు. ఒకామె నా బుగ్గలు పట్టుకున్నది, ఇంకొకామె తన డబ్బాల మిగిలిన పల్లిపట్టీ నా నోట్ల కుక్కింది. కంపెనీ బస్సుల బయటోళ్లను ఎక్కనియ్యరు, గని ఆ దినం నన్ను నడుమల కూసోబెట్టుకొని తీస్కపోయిండ్రు. ప్రతి స్టాపుల దిగెటోళ్లకు అమ్మ చెప్పిందే చెప్పింది: "మా బిడ్డ సెలెక్టయింది, కొండాపూర్ దిక్కు పోతున్నది, సార్లకే జవాబిచ్చింది." మా ఊరు వచ్చేసరికి డ్రైవరుకు గూడ తెల్సింది. మేమిద్దరం దిగంగనే హారన్ కొట్టిండు, పొడుగ్గ, రెండు సార్లు.